సూట్‌కేసు రికార్డు ప్లేయరు: జయంతి సభకు సరే, పాతాళభైరవికి వద్దు

డిసెంబరు 4 ఘంటసాల జయంతి, ఫిబ్రవరి 11 వర్ధంతి. మధ్యలో ఫిబ్రవరి 2: 1980లో శంకరాభరణం విడుదలైన రోజు, 2023లో విశ్వనాథ్ గారు వెళ్లిపోయిన రోజు కూడా అదే. ఈ పది వారాల్లో బెంగళూరు తెలుగువాళ్లు అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసుల్లో పెట్టుకునే సభలకు వెళ్తే, వేదిక పక్కన ఒక బల్లా, దాని మీద మూత తెరిచిన సూట్‌కేసు రికార్డు ప్లేయరూ ఈమధ్య తరచు కనబడుతున్నాయి. ఫొటోల్లో బాగుంటుంది, ఒప్పుకోవాల్సిందే. దాని మీద ఏ రికార్డు వేస్తున్నారన్నదే అసలు సంగతి.

ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్ముతారు కానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. ఎర్ర ముల్లున్న సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను ధ్వనిగా మార్చే భాగం), దాన్ని మోసే, బరువు సర్దుకునే వీలు లేని ప్లాస్టిక్ చెయ్యి, బెల్టుతో తిరిగే చిన్న పళ్లెం, పెట్టెకే బిగించిన రెండు బుల్లి స్పీకర్లు, బ్లూటూత్. నిమిషానికి 33, 45, 78 చుట్లు, మూడు వేగాలు. అందుకే ఇది ఏదో ఒక బ్రాండు గురించి కాదు, ఆ పెట్టె గురించి.

కొనగానే పాట వినకండి, ముందు వేగం చూడండి. రికార్డు అంచు దగ్గర చిన్న కాగితం ముక్క అంటించి, 33లో పెట్టి, ముల్లు దించి, ఫోనులో మూడు నిమిషాల టైమరు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. 33 అంటే అసలు లెక్క 33⅓, కాబట్టి సరిగ్గా వంద రావాలి. 103 వస్తే మామూలు చెవికి తెలియదు గానీ, తంబురా పక్కన పెట్టుకుని పాడేవాళ్లకు ఇబ్బందే. 106 వచ్చిందంటే ఒకటి శ్రుతి పాట ఒకటిన్నరకు ఎక్కి కూర్చుంటుంది. ఘంటసాల గొంతు సన్నబడిందని రికార్డును తిట్టుకునేది ఇక్కడే. స్ట్రోబ్ డిస్కు (వేగం సరిగా ఉంటే బల్బు వెలుతురులో గీతలు నిలబడినట్టు కనబడే డిస్కు) వాడేవాళ్లు 50 హెర్ట్జ్ గీతలున్నదే తీసుకోవాలి. అమెరికా డిస్కులో 60 ఉంటుంది, అది మన కరెంటుకు తప్పు చూపిస్తుంది. పైగా చాలా ఎల్ఈడీ బల్బుల కింద గీతలు నిలబడినట్టు కనబడవు. కాగితం ముక్కే నయం.

కొన్ని పెట్టెలకు మోటారు దగ్గర చిన్న కన్నం, అందులో వేగం సర్దే స్క్రూ ఉంటాయి. వెంట్రుకవాసి తిప్పి మళ్లీ వంద లెక్కపెట్టాలి. ఆ సదుపాయం లేకుండా వేగం తగ్గుతుంటే చాలాసార్లు బెల్టు సాగిందని అర్థం. పాత బెల్టు చేత్తో పట్టుకుని ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి, పక్కపక్కన పెట్టి కొలిచి తెచ్చుకోండి. అంగుళాల లెక్క నోటితో చెప్పి తెచ్చుకున్న బెల్టు నూటికి తొంభై పాళ్లు పనికిరాదు. డబ్బాలో మడతపడి వచ్చిన కొత్త బెల్టుతోనూ చిక్కే: నాదస్వరం సాగే చోట స్వరం వణుకుతుంది. ఒకటి రెండు రోజులు తిరగనిస్తే కొంత సర్దుకుంటుంది.

ఇక బరువు. మంచి ప్లేయర్లో ముల్లు గాడి మీద రెండు గ్రాముల బరువుతో ఆనుతుంది. ఇందులో అయిదు గ్రాములు, ఒక్కోసారి ఇంకా పైన. గాడిలో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. పాట అలాగే ఉన్నట్టుంటుంది, ‘స’, ‘ష’ మాత్రం బరబరలాడతాయి. మళ్లీ దొరికే ఎల్పీ (33 తిరుగుళ్ల రికార్డు) అయితే పోనీలే అనుకోవచ్చు. తాతగారి పెట్టెలోంచి తీసింది మాత్రం దీని మీద వేయకండి. నీలమణి ముల్లయితే నలభై యాభై గంటలకే అరుగుతుంది. అరిగిన ముల్లు ఉలితో సమానం.

78 మీట చూసి మురిసిపోవద్దు. 2026 మార్చి 15తో పాతాళభైరవికి 75 ఏళ్లు. ఆ కాలపు పాటలు వచ్చింది 78 తిరుగుళ్ల లక్క రికార్డుల మీద, పక్కకు మూడు నిమిషాల చిల్లర. ఆ గాడి వెడల్పు వేరు. దానికి మూడు మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి, పెట్టెలో ఇచ్చేది 0.7. సన్నముల్లు గాడి అడుగుకు దిగి అక్కడి దుమ్మునే పాడుతుంది, పాట వెనక్కి పోతుంది. 78 ముల్లు విడిగా దొరికే మోడలైతేనే ఆలోచించండి. తుడవడానికి స్పిరిట్ వద్దే వద్దు. గాజులకు వాడే లక్కే ఇది, స్పిరిట్‌లో కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్లో గిన్నెల సబ్బు రెండు చుక్కలు, మెత్తటి గుడ్డ, లేబులు తడవకుండా. ఎల్పీకీ అదే చాలు.

సభలో పెట్టేటప్పుడు ఇంకో రెండు. వెనక ఆటోస్టాప్ స్విచ్చి ఉంటే ఆఫ్ చేయండి, లేకపోతే కొన్ని ఎల్పీల్లో చివరి పాట చరణం మధ్యలో ఆగుతుంది. పెట్టె స్పీకర్ల సౌండు పెంచితే ఆ అదురుకు ముల్లే ఎగురుతుంది. కాబట్టి వెనకున్న లైన్ అవుట్ నుంచి హాలు మైకుసెట్టుకు తీగ లాగండి, ప్లేయరును వేదిక మీద కాక నేల మీద గట్టి బల్ల మీద పెట్టండి. పిల్లల డాన్సు అయ్యాకే రికార్డు వేయండి.

వేడుకకు, కొత్త ఎల్పీలకు, ఎలాగూ గీతలు పడ్డవాటికి ఈ పెట్టె చాలు. ఇంట్లో విలువైన రికార్డులు పదైనా ఉంటే మాత్రం వెనక బరువు సర్దుకునే చెయ్యి, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఉన్నది కొనండి, ఖరీదు రెండు మూడింతలైనా సరే. దాని మీద ఒక్కసారి వాయించి వేవ్ ఫైలుగా ఎక్కించుకుంటే (16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో, నిమిషానికి పది ఎంబీ) సభలో ఫైలు మోగించి, బల్ల మీద రికార్డు అట్ట నిలబెట్టవచ్చు. మోనో రికార్డయితే రెండు చానళ్లనూ కలిపేయండి, చిటపటలు సగం పోతాయి.

సభ అయ్యాక రికార్డు అట్టలో పెట్టి నిలువుగా పట్టుకెళ్లండి. భోజనాల సందడిలో కారు వెనకసీటు మీద ఎండలో వదిలేశారో, ఇల్లు చేరేసరికి అది ఎల్పీ కాదు, అప్పడం.