అడయార్ కలంకారీ క్లాసు: ఎరుపు రాదు, అయినా వెళ్లొచ్చు

మనసుకు ఊరట పేరుతో చెన్నైలో శనివారం క్లాసులు ఈమధ్య బాగా పెరిగాయి. ఓఎంఆర్ రోడ్డు ఐటీ కంపెనీల్లో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనివాళ్లు, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో దిగి ఆసుపత్రిలో ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండే మన తెలుగువాళ్లు వీటికి ఎక్కువగా వస్తారు. అడయార్‌లో ఓ ఇంటి మేడమీద జరిగే ఈ ఒక్కరోజు కలంకారీ క్లాసు వాటిలో కాస్త నికార్సయినది. పది నుంచి నాలుగు దాకా, భోజనం వాళ్లదే. పెరుగన్నం బాగుంటుంది, సాంబారు మాట అడక్కండి.

నికార్సు అనడానికి మొదటి కారణం, ఎరుపు రాదని డబ్బు కట్టకముందే చెప్పేస్తారు. శ్రీకాళహస్తి పద్ధతిలో ఎర్రరంగు కావాల్సిన చోట పటిక నీళ్లు పూయాలి, ఆరనివ్వాలి, మిగులు పటిక పోయేలా పారే నీళ్లలో జాడించాలి, ఆ తర్వాత మంజిష్ఠ వేసి ఉడకబెట్టాలి. స్వర్ణముఖి ఒడ్డున చేసే ఆ పనిని మేడమీద ఒక్క పూటలో ముగించడం ఎవరి తరమూ కాదు. మూడు గంటల్లో ఐదు రంగుల బొమ్మకు ఫ్రేము కట్టించి చేతికిస్తామన్నారంటే అక్కడ వాడేది ఫ్యాబ్రిక్ పెయింటేనని అర్థం చేసుకోండి. ఇక్కడ నల్లగీత, ఓపిక ఉంటే కరక్కాయ పువ్వుతో పసుపురంగు. అంతే.

గుడ్డ ముందే సిద్ధంగా ఉంటుంది. గంజి వదిలించిన కోరా నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకదు, కరక్కాయ వగరు వల్ల నలుపు పుడుతుంది. నల్లరంగు కసీం, అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. కలం నుంచి దిగినప్పుడు లేత గోధుమ రంగులో ఉండి, గుడ్డను తాకాక చూస్తుండగానే నల్లబడుతుంది. అలా నల్లబడకుండా తుప్పురంగులోనే ఉండిపోతే కరక్కాయ చాలలేదన్నమాట, గుడ్డ మార్చమని అడగండి. ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానల్లో ఇంకో చిక్కు. గుడ్డ పూర్తిగా ఆరదు, పాలవాసన వస్తుంది, ఎంత జాగ్రత్తగా గీసినా అంచులు ఉబ్బుతాయి. జనవరి నుంచి జూన్ మధ్య వెళ్లడం మేలు.

కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. మొనకు అంగుళం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగు తాగుతుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. కొత్తవాళ్లు గట్టిగా పిసికేస్తారు, టప్పున బొట్టు పడుతుంది. ముంచాక గిన్నె అంచుకు ఒత్తి, పక్కనున్న పాతగుడ్డ మీద ఒక గీత గీసి చూసుకుని, అప్పుడు అసలు గుడ్డ మీదికి రావాలి. పడ్డ బొట్టు రబ్బరుతో పోయేది కాదు. తడిగా ఉండగానే నిమ్మరసం అద్దితే చాలావరకు పాలిపోతుంది.

నేర్పే ఆవిడ చిత్తూరు వైపు మనిషి. ఎవరి గుడ్డ మీద బొట్టు పడినా ముందు నిమ్మకాయ తీయదు, "ఉండనీమ్మా, దానికో తొడిమ పెట్టు" అంటుంది. అది ఆకైపోతుంది. గుండ్రంగా కూర్చోబెట్టి మీ బాధేంటో చెప్పమనే తంతు లేదు, ఎవరూ ఏమీ అడగరు. మధ్యలో ఆసుపత్రి నుంచి ఫోనొచ్చి లేచి వెళ్లిపోతే మీ గుడ్డకు చీటీ కట్టి దాచి ఉంచుతారు, మరో శనివారం వచ్చి మళ్లీ డబ్బు కట్టకుండా పూర్తిచేసుకోవచ్చు. ఫీజుకు న్యాయం జరిగేది ఈ ఒక్క ఏర్పాటుతోనే అనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. రెండు బల్లలకు పద్నాలుగు మంది ఎక్కువ. మోచేతులు తగులుతుంటే సన్నగీత ఎక్కడ వస్తుంది? లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. కలం కట్టడం నేర్పరు, కట్టినవే ఇస్తారు. మొదటి అరగంట అదే నేర్పితే ఇంటికెళ్లాక కూడా చేసుకోవచ్చు కదా.

కరపత్రంలో "థెరపీ" అని వేయడం మాత్రం తప్పు. ఇది చేతిపని క్లాసు. రోజంతా చెయ్యి ఒక గీత వెంట నడిస్తే మనసు కాసేపు కుదుటపడుతుంది, అంతవరకే. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా క్లాసు కోసం ఆగకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంటికి తెచ్చిన గుడ్డను వారం దాకా తడపొద్దు. ఆ తర్వాత మామూలు నీళ్లలో జాడించి నీడలో ఆరేయండి, సర్ఫు వద్దు. భోజనాల బల్ల మీద పరచాలనుకుంటే నిమ్మకాయ పచ్చడి సీసా దూరంగా పెట్టుకోండి.