హాలోవీన్ ఎండ్స్: ప్రతి అక్టోబర్‌లో చూసేవాడి రివ్యూ

స్పాయిలర్లు బోలెడు ఉన్నాయి, ముందే చెప్పేస్తున్నా. ఎవరు ఎలా చస్తారో కూడా చెప్తా, క్లైమాక్స్ కూడా చెప్తా, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

2022 అక్టోబర్ 14న రిలీజ్ అయింది ఈ హాలీవుడ్ హారర్ సినిమా. ఆ వీకెండ్‌లోనే ఇక్కడ డాలస్‌లో థియేటర్లో చూశాను, ఆ తర్వాత బ్లూరే కొనుక్కున్నా, అప్పట్నుంచి అక్టోబర్ వస్తే చాలు 1978 ఒరిజినల్‌తో మొదలుపెట్టి దీనిదాకా వరసగా చూడటం అలవాటైపోయింది. ఇంట్లోవాళ్ళు ఈ పాటికి విసిగిపోయారు, ఆ పియానో మ్యూజిక్ వినపడితే మా ఆవిడ హాల్లోంచి లేచి వెళ్ళిపోద్ది. ఇది ఒక్కసారి చూసి కోపంతో రాసింది కాదు, బాగా నానబెట్టి రాస్తున్న రివ్యూ అన్నమాట.

ఫ్యాన్స్‌లో దీని మీద ఉన్నంత గొడవ ఈ సిరీస్‌లో ఇంకే సినిమా మీదా లేదు (సరే, మూడో పార్ట్ ఒకటి ఉంది, దాని దగ్గరకి వస్తా). థియేటర్ నుంచి బయటికొస్తూ మా బామ్మర్ది అన్న మొదటి మాట, "బావా, మైకేల్ ఏడి?" అని. న్యాయమైన ప్రశ్నే, సిరీస్ అంటేనే మాస్క్ వేసుకుని మనుషుల్ని నరికే మైకేల్, 1978లో వాడి చేతిలోంచి తప్పించుకున్న లారీ కదా. పోస్టర్ మీద మైకేల్, లారీ, ట్రైలర్లో మైకేల్, లారీ కిచెన్‌లో కొట్టుకోవడం, పేరేమో ఎండ్స్, నలభై ఏళ్ళుగా నడుస్తున్న పగకి ఇదే ఆఖరి పోరాటం అని ఊదరగొట్టారు. తీరా లోపలికెళ్తే కోరీ కన్నింగ్‌హామ్ అని ఇంతకుముందు ఏ పార్ట్‌లోనూ పేరు కూడా వినని ఒక కుర్రాడు, వాడి కష్టాలు, వాడి లవ్ స్టోరీ. మైకేల్ చాలాసేపటిదాకా అసలు కనపడడు, కనపడ్డాక కూడా ఊరి కింద మురుగు కాలవ గొట్టంలో దాక్కుని, ముసలోడై, నీరసపడిపోయి ఉంటాడు. టికెట్ కొన్నవాడికి మండదా మరి. మొదటి ఆటలు చూసినవాళ్ళని అడిగి గ్రేడ్ ఇచ్చే సినిమాస్కోర్‌లో 2018 సినిమాకి (మధ్యలో వచ్చిన పార్ట్‌లన్నీ పక్కనపెట్టి 1978 కథని కొనసాగించిన మూడు సినిమాల్లో అది మొదటిది, ఇది చివరిది) బి ప్లస్ వస్తే దీనికి సి ప్లస్ వచ్చింది. మొదటి వీకెండ్ అమెరికాలో 4 కోట్ల డాలర్లు తెచ్చి, రెండో వీకెండ్‌కి 80 శాతం పడిపోయింది. పీకాక్ ఓటీటీలో అదే రోజు స్ట్రీమింగ్‌కి ఇచ్చేశారు కాబట్టి కొంత అది కూడా కారణమే, కానీ మొత్తం దాని మీదకి తోసేస్తే కుదరదు. 2018 సినిమా ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల డాలర్లు దాటితే ఇది పది కోట్లు దాటి ఆగింది.

నా మాట ఏంటంటే, జనం తిట్టేది కోరీని, కానీ తప్పు కోరీది కాదు. సినిమాలో బాగున్న సగం కోరీదే. చెడిపోయిందల్లా వాడి కథకీ, లారీ కథకీ మధ్య వేసిన అతుకు.

ఓపెనింగ్ సీన్ తీసుకోండి. 2019 హాలోవీన్ రాత్రి, కోరీకి ఇరవై ఒకటో ఎంతో వయసు, బుద్ధిమంతుడు, కాలేజీ ఫీజుకి డబ్బులు కావాలి, ఒక డబ్బున్నవాళ్ళ ఇంట్లో వాళ్ళ పిల్లాడు జెరెమీని రాత్రికి చూసుకోడానికి ఒప్పుకుంటాడు. ఆ పిల్లాడు గడుగ్గాయి, కోరీని ఆట పట్టించి అటకగదిలో పెట్టి తాళం వేస్తాడు. వీడు భయంతో, కోపంతో తలుపు తంతాడు, తలుపు ఊడి పిల్లాడికి తగిలి మెట్ల రెయిలింగ్ మీంచి కింద పడి చచ్చిపోతాడు, సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులు ముందు తలుపు తీసుకుని లోపలికొస్తారు. మైకేల్ లేడు, దెయ్యం లేదు, కత్తి ఒకటి చేతిలో ఉంది కానీ అది భయంతో పట్టుకున్నది. థియేటర్లో పక్కన ఎవడో పాప్‌కార్న్ నములుతున్నవాడు ఆపేశాడు. ఈ మధ్య వచ్చిన స్లాషర్లలో (హంతకుడు ఒక్కొక్కరినీ నరుక్కుంటూ పోయే సినిమాల్లో) ఇంత దెబ్బ కొట్టిన ఓపెనింగ్ నేను చూడలేదు, ఎన్నిసార్లు చూసినా ఆ తలుపు తన్నే క్షణం ముందు నేను రిమోట్ మీద చెయ్యి పెట్టేస్తా.

ఆ వెంటనే టైటిల్స్. గుమ్మడికాయలోంచి గుమ్మడికాయ పుట్టుకొస్తుంది, అక్షరాలు నీలం రంగులో, 1982 నాటి మూడో పార్ట్ టైటిల్స్ స్టైల్లోనే. ఇది గుర్తుపట్టినవాళ్ళకి డైరెక్టర్ డేవిడ్ గోర్డన్ గ్రీన్ ఏం చెప్తున్నాడో అక్కడే అర్థమైపోవాలి, ఎందుకంటే మైకేల్ లేకుండా తీసిన ఒకే ఒక్క హాలోవీన్ ఆ మూడో పార్ట్. అప్పట్లో దాన్ని జనం చెప్పుతో కొట్టినంత పని చేశారు, ఇప్పుడు అదే సినిమాకి ప్రత్యేకంగా ఫ్యాన్స్ ఉన్నారు, ఆ మాస్కుల అడ్వర్టైజ్‌మెంట్ పాట రింగ్‌టోన్ పెట్టుకున్నవాళ్ళు కూడా తగిలారు నాకు. కోరీ ఇంటిపేరు కూడా 1978 ఒరిజినల్ డైరెక్టర్ జాన్ కార్పెంటర్ తీసిన క్రిస్టీన్‌లో హీరో ఆర్నీ కన్నింగ్‌హామ్‌ది, అదీ ఒక మెత్తటి కుర్రాడు మెల్లగా పాడైపోయే కథే. అంటే టైటిల్స్‌లోనే చెప్పాడు, పోస్టర్‌లో మాత్రం చెప్పలేదు. అక్కడొచ్చింది చిక్కంతా.

తర్వాత కోరీ జీవితం చూపించే భాగం నాకు బాగా నచ్చుతుంది. కేసులో నిర్దోషిగా బయటపడ్డా ఊరు వదలదు. మారుతండ్రి తుక్కు యార్డ్‌లో పని, ఇంట్లో ఊపిరాడనివ్వని తల్లి, బయట మార్చింగ్ బ్యాండ్ పిల్లల బ్యాచ్ ఒకటి వాడి వెంటపడి ఏడిపిస్తూ ఉంటుంది. హ్యాడన్‌ఫీల్డ్ అనే ఊరు మొత్తం ఎవరో ఒకరి మీద పడి ఏడవాలి, మైకేల్ దొరకట్లేదు కాబట్టి కోరీ దొరికాడు, కోరీ లేనప్పుడు లారీ దొరికింది. సూపర్ మార్కెట్ బయట ఒకావిడ లారీని పట్టుకుని అంతా నీవల్లే, వాడిని రెచ్చగొట్టింది నువ్వే అని తిట్టే సీన్ ఉంది, అది చిన్నదే కానీ సినిమా మొత్తానికి తాళంచెవి అదే అనిపిస్తుంది. దీని ముందు సినిమా హాలోవీన్ కిల్స్‌లో ఊరంతా కలిసి "ఈవిల్ డైస్ టునైట్" అని అరుచుకుంటూ తిరిగి ఒక అమాయకుడి చావుకి కారణమైందే, ఆ ఊరు తర్వాత ఎలా ఉంటుందో ఇక్కడ చూపించాడు. అక్కడ నవ్వొచ్చిన విషయం ఇక్కడ నిజంగా పనిచేసింది.

కోరీగా చేసిన రోహన్ క్యాంప్‌బెల్ యాక్టింగ్ గురించి తిట్టినవాళ్ళు కూడా పెద్దగా మాట్లాడరు, ఎందుకంటే అందులో అనడానికి ఏమీ లేదు. ఆ కుర్రాడి నడక, చూపు మెల్లగా మారిపోవడం గమనించండి రెండోసారి చూసేటప్పుడు.

ఇక అతుకు సంగతి. కాలవ గొట్టంలోకి లాక్కెళ్ళి మైకేల్ కోరీ గొంతు పట్టుకుంటాడు, కళ్ళల్లోకి చూస్తాడు, కోరీ గతం కనపడుతుంది, వదిలేస్తాడు. ఇక్కడే ఫ్యాన్స్ రెండు ముక్కలయ్యారు. ఒక బ్యాచ్ అంటుంది మైకేల్ లోపలి చెడు వీడికి అంటుకుంది అని, ఇంకో బ్యాచ్ అంటుంది అంటుకోవడం లాంటిదేం లేదు, వాడిలో ఆల్రెడీ ఉన్నదే మైకేల్‌కి కనపడింది అని. డైరెక్టర్ రెండూ అనిపించేలా తీశాడు, నాకు ఆ గందరగోళం ఓకే, కానీ దాని తర్వాత మైకేల్ రూల్స్ ఏంటో సినిమాకే తెలీదు. చంపితే బలం వస్తుందన్నట్టు ఒక సీన్‌లో వణుకుతూ నిటారుగా అవుతాడు, ఇంకో సీన్‌లో కోరీ వచ్చి కొట్టి మాస్క్ లాక్కుని పోతాడు! మైకేల్ మాస్క్‌ని ఒక పిల్లాడు చేతుల్తో లాక్కుపోవడం, అది సగం థియేటర్ క్షమించలేదు, అందులో మా బామ్మర్ది ఒకడు, ఇప్పటికీ ఆ సీన్ వస్తే ఫోన్ చూసుకుంటాడు.

అయితే ఇది కొత్త ఆలోచనేం కాదు, పాత ఫ్యాన్స్‌కి తెలిసిందే. 1988లో నాలుగో పార్ట్ చివర మైకేల్ మేనకోడలు, చిన్నపిల్ల జేమీ, పెంపుడు తల్లిని పొడిచి, జోకర్ డ్రెస్‌లో, చేతిలో కత్తెరతో, రక్తంతో మెట్ల మీద నిలబడుతుంది, మైకేల్‌కి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ అరుస్తాడు. అంత పవర్‌ఫుల్ ఎండింగ్ ఇచ్చి, మరుసటి ఏడాది ఐదో పార్ట్‌లో ధైర్యం చాలక వెనక్కి తగ్గారు, పిల్ల మంచిదే, ఆ పెంపుడు తల్లి కూడా బతికే ఉంది అనేశారు. ఫ్రైడే ద థర్టీన్త్ వాళ్ళు 1985లో ఐదో పార్ట్‌లో వాళ్ళ హంతకుడు జేసన్ మాస్క్ కింద వేరేవాడిని పెట్టారు, జనం తిట్టారు, తర్వాతి ఏడాదికే సమాధిలోంచి అసలు జేసన్‌ని లేపుకొచ్చారు. మాస్క్ వేరేవాడికి ఇస్తే ఫ్యాన్స్ ఊరుకోరని ఈ జానర్‌కి మొదట్నుంచీ తెలుసు. తెలిసి కూడా గ్రీన్ చివరి సినిమాలో, అదీ మూడో సినిమాలో, రెండో దాంట్లో ఒక్క విత్తనం కూడా వెయ్యకుండా చేశాడు. కోరీని కిల్స్‌లోనే ఒక్క సీన్‌లో చూపించి ఉంటే, గుంపులో ఎక్కడో ఒక మూల నిలబెట్టి ఉంటే, ఈ గొడవలో సగం ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

లారీ విషయంలో ఫ్యాన్స్ కంప్లయింట్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తా. 2018లో ఆవిడ ఒక్క రాత్రి భయానికి నలభై ఏళ్ళు తుపాకులు పెట్టుకుని ఇంటిని కోట చేసుకుని బతికింది. కిల్స్‌లో కూతురు కేరన్‌నే మైకేల్ చంపేశాడు, వాడు దొరకలేదు. నాలుగేళ్ళ తర్వాత ఈవిడ ఇల్లు కొనుక్కుని, పై వండుకుంటూ, ఆత్మకథ టైప్ చేసుకుంటూ, పోలీసు హాకిన్స్‌తో సూపర్ మార్కెట్లో సిగ్గుపడుతూ మాట్లాడుతూ ఉంటుంది. మనిషి కోలుకోకూడదా అంటే కోలుకోవచ్చు, లారీగా చేసిన జేమీ లీ కర్టిస్ ఆ సీన్లు హాయిగా చేసింది కూడా, కానీ ఆ కోలుకోవడాన్ని మాకు చూపించకుండా వాయిస్ ఓవర్‌తో తేల్చేస్తే ఎలా.

లారీ మనవరాలు యాలిసన్‌కి కోరీతో లవ్ స్టోరీ అయితే మరీ. వీళ్ళిద్దరూ కలిసి రోజులు కూడా కాలేదు, ఊరు వదిలి పోదాం, తగలబెట్టేద్దాం అన్నీ. తల్లిని చంపినవాడి ఊళ్ళో, తనతో ఒకే ఇంట్లో ఉంటున్న అమ్మమ్మనే అనుమానించేంత పిచ్చి ప్రేమ ఎక్కడినుంచొచ్చిందో అర్థం కాదు. ఈ భాగంలో నేను టీ పెట్టుకోడానికి లేస్తా.

చంపే సీన్లు కావాలి అనేవాళ్ళకి ఒక మాట: ఫస్ట్ హాఫ్ వరకు ఓపిక పట్టండి. డాక్టర్ ఇంట్లో మైకేల్, కోరీ ఇద్దరూ కలిసి చేసే సీన్‌లో నర్స్‌ని గోడకి కత్తితో గుచ్చి తల పక్కకి వాల్చి చూడటం 1978లో బాబ్ అనే కుర్రాడిని చంపిన దానికి నేరుగా సలాం. తుక్కు యార్డ్‌లో బ్యాండ్ బ్యాచ్‌తో లెక్క తేల్చుకోవడం కూడా గట్టిగా ఉంటుంది. రేడియో జాకీ నాలుక మీద తీసిన షాట్ మాత్రం కావాలని జుగుప్స కోసం పెట్టిందే, రికార్డ్ తిరుగుతూ పాట గీరుకుపోవడం, అబ్బా... కార్పెంటర్, ఆయన కొడుకు కోడీ, డేనియల్ డేవిస్ కలిసి చేసిన మ్యూజిక్ హెడ్‌ఫోన్స్‌లో వినాల్సిందే, సినిమా నచ్చనివాళ్ళు కూడా ఆల్బమ్ వింటున్నారు.

క్లైమాక్స్ ఫైట్ చిన్నది. జనం ఎదురుచూసిందంతా కిచెన్‌లో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కానీ కొట్టుకోవడంలో బరువుంది, ఇద్దరూ ముసలోళ్ళలాగే కొట్టుకుంటారు, ఆయాసపడతారు, ఆవిడ చేతికి దొరికిన కత్తులన్నిటితో వాడిని టేబుల్‌కి గుచ్చేసి, ఫ్రిజ్‌ని వాడి మీదకి పడేసి, గొంతు, మణికట్టు కోసేస్తుంది. ఆ తర్వాత శవాన్ని కారు పైన కట్టి ఊరంతా వెనక కార్లలో ఊరేగింపుగా తుక్కు యార్డ్‌కి తీసుకెళ్ళడం, అది మాత్రం నాకు అచ్చం మన దీపావళి ముందు రోజు నరకాసురుడి బొమ్మని వాడవాడలా తిప్పి తగలబెట్టడం గుర్తొస్తుంది, ఊరు ఊరంతా వచ్చి కళ్ళారా చూసుకుంటే తప్ప మనసు ఒప్పదు. బొమ్మని కాల్చేబదులు వీళ్ళు ష్రెడ్డర్‌లో వేశారు, అంతే తేడా. పైగా అది అవసరం కూడా. 1998లో ఎచ్ ట్వంటీలో లారీ వాడి తల నరికేస్తే, 2002లో దాని తర్వాతి పార్ట్ రిసరెక్షన్ వాళ్ళు వచ్చి ఆ తల మైకేల్‌ది కాదు, మాస్క్ తొడిగిన అంబులెన్స్ వాడిది అని చెప్పి, మొదటి పావుగంటలోనే లారీని చంపి పారేశారు. అది చూసి మోసపోయిన తరం మాది. ఈసారి పొడి పొడి చేసి చూపించారు, ఇక ఏ రైటరూ అతికించలేడు. కోరీని తిట్టేవాళ్ళు కూడా ఈ సీన్‌ని మెచ్చుకోవడం చూశా.

మైకేల్ కోసం మాత్రమే చూసేవాళ్ళకి ఇది సరిపడదు, వాళ్ళకి కిల్స్ ఉంది, అందులో కావాల్సినంత నరుకుడు. కథ కోసం చూసేవాళ్ళకి నేను చెప్పే వరస 1978, తర్వాత 2018, తర్వాత డైరెక్ట్‌గా ఇది. కిల్స్ మానేసినా పర్లేదు, అందులో కేరన్ చచ్చిపోయిందనీ, ఊరంతా కలిసి ఎగబడితే మైకేల్ వాళ్ళనే నరికేశాడనీ తెలిస్తే చాలు. రేటింగ్ అడిగితే కోరీ భాగానికి ఐదుకి నాలుగు, లారీ, యాలిసన్ భాగానికి రెండు, ష్రెడ్డర్‌కి ఐదుకి ఐదు. మా బామ్మర్ది మొత్తానికి ఒకటిన్నర ఇచ్చాడు, ఆ ఒకటిన్నర కూడా ఫ్రిజ్‌కేనంట.