బ్రాస్‌టౌన్ తరహా జంతువులకి ఏ కర్ర మేలు? బాస్‌వుడ్డా, వాల్‌నట్టా?

ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. బ్రాస్‌టౌన్ సంగతి మీకు తెలిసిందే, నార్త్ కరోలినా కొండల్లో 1925లో ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్ వాళ్ళు పెట్టిన ఫోక్ స్కూల్, దాని చుట్టుపక్కల పల్లెల వాళ్ళు చాకుతో చెక్కే కంచరగాడిదలు, పందులు, బాతులు... చేతిలో పట్టేంత బొమ్మలు, చాలావరకు రంగుండదు, నున్నగా రుద్ది వదిలేస్తారు.

చాకు ఆడటం వరకే చూస్తే బాస్‌వుడ్‌కి, అంటే లేత రంగు మెత్తని కర్రకి, తిరుగులేదు. జాంకా గట్టితనం (చిన్న ఉక్కు గుండు కర్రలోకి సగం దిగాలంటే ఎంత బలంతో నొక్కాలో చెప్పే కొలత) దానికి 410 పౌండ్లే, ముదురు రంగు నల్ల వాల్‌నట్‌కి 1010, అంటే దాదాపు రెండున్నర రెట్లు, సాయంత్రానికి మీ మణికట్టే చెప్తుంది తేడా.

కానీ అందరూ చెక్కడం గురించే అడుగుతారు, రుద్దడం గురించి ఎవరూ అడగరు, నన్నడిగితే అసలు తేలేది అక్కడే. ఈ తరహాలో సగం పని శాండ్‌పేపర్‌దే కదా, బాస్‌వుడ్ మెత్తన కాబట్టి రుద్దేకొద్దీ కనురెప్ప, ముక్కుపుటం, గిట్ట అంచు అన్నీ సబ్బుబిళ్ళలా అరిగిపోతాయి, పైగా నూగు లేస్తుంది, అంతా అయ్యాక చూస్తే గ్రెయిన్ (కర్ర పోగుల గీతలు) కూడా పెద్దగా కనపడదు. వాల్‌నట్‌లో చెక్కిన గీత చెక్కినట్టే ఉంటుంది, నూనె పట్టించగానే పంది వీపు మీద గ్రెయిన్ వంపు తిరిగి కనపడుతుంది చూడండి, రంగు లేని బొమ్మకి ఉన్న అలంకారం అదొక్కటే. కాళ్ళు కాస్త సన్నగా చేసినా తట్టుకుంటుంది. అయితే ఏ కర్రైనా గ్రెయిన్ కాళ్ళ వెంట నిలువుగా ఉండాలి, అడ్డంగా పెడితే వాల్‌నట్ కాలు కూడా పుటుక్కుమంటుంది. కంచరగాడిద చెవులు నిక్కబొడుచుకునే ఉంటాయి కాబట్టి వాటికీ అదే గ్రెయిన్ సరిపోతుంది, ఆవు కొమ్ములు పక్కకి పోతాయి, అక్కడే తంటా.

అన్నట్టు నల్ల వాల్‌నట్ రంపపు పొట్టు గుర్రపుశాలలో పరిస్తే నిజం గుర్రాలకి గిట్టలు వాచి కుంటి పడతాయి, గుర్రం బొమ్మ చెక్కినా సరే ఆ పొట్టు మాత్రం అటు పంపకండి.

చెర్రీ కూడా బాగుంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ఎరుపెక్కుతుంది. తెల్ల బాతుకైతే హాలీ, ఆ కర్రే తెల్లగా ఉంటుంది. బకై అనే కర్ర మరీ మెత్తన, దొరికితే వాడండి అంతే.

ఇదే మొదటి బొమ్మైనా, రంగేసే ఉద్దేశం ఉన్నా బాస్‌వుడ్ తీసుకోండి, వాల్‌నట్ మీద పెయింట్ వెయ్యడం దండగ. చాకు కాస్త అలవాటైతే మాత్రం వాల్‌నట్టే, అదీ పందితో మొదలెట్టండి, కాళ్ళు పొట్టి.