గాజియా క్లాసిక్ ప్రో: రెండేళ్లు వాడాక నా మాట

పీడనంతో చిక్కటి ఎస్ప్రెస్సో కాఫీ తీసే ఈ మెషిన్ మా ఇంట్లోకి వచ్చి రెండేళ్లు దాటింది. రోజూ పొద్దున నాకూ మా ఆయనకీ చెరో కప్పు, ఆదివారం ఎవరైనా వస్తే ఇంకో నాలుగు. దీని గురించి ఇంగ్లిషు వీడియోలు బోలెడున్నాయి. మన బోరు నీళ్లతో, మన ప్యాకెట్ పాలతో, అరకు గింజలతో ఇది ఎలా ఉంటుందో చెప్పేవాళ్లే తక్కువ. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఎస్ప్రెస్సో బాగుండాలంటే మొదట గింజలు, తర్వాత వాటిని పొడి పట్టే గ్రైండర్, ఆ తర్వాతే మెషిన్. చేతిలో ఉన్న డబ్బంతా మెషిన్ మీద పెట్టేసి, పొడి సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంటే ఎంత ఖరీదైనది కొన్నా నీళ్ల కాఫీయే వస్తుంది.

గాజియా ఇటలీ కంపెనీ. మిలాన్‌లో అకిలే గాజియా అనే ఆయన 1940ల్లో పిడి (లివర్) లాగి నడిపే మెషిన్ తెచ్చాక, ఆవిరి బలంతో కాకుండా ఎక్కువ పీడనంతో కాఫీ తీయడం మొదలైంది. కప్పు మీద తేలే బంగారు రంగు నురగ, అదే క్రెమా, ఆ పీడనం వల్లే వస్తుంది. క్లాసిక్ మోడల్ 1991 నుంచి ఉంది. ఇన్నేళ్లయినా లోపలి అమరిక పెద్దగా మారలేదు: చిన్న అల్యూమినియం బాయిలర్, ఒక పంపు, ముందువైపు మూడు స్విచ్చులు. ఒకటి పవర్, ఒకటి కాఫీ, ఒకటి ఆవిరి. స్క్రీన్ లేదు, టైమర్ లేదు. బటన్ నొక్కి పక్కకు వెళ్లిపోదామనుకునేవాళ్లకు ఇది నప్పదు. నాకైతే నచ్చిందే అది.

బిగించడం పెద్ద పనేం కాదు. వెయ్యి వాట్లకు పైనే లాగుతుంది కాబట్టి 16 ఆంప్స్ సాకెట్ దగ్గర పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి, మామూలు ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ ఆ లోడ్ మోయలేదు. మొదటిరోజు ట్యాంకు నింపి, కాఫీ వేయకుండా రెండు మూడు ట్యాంకుల నీళ్లు లోపలినుంచి పంపేస్తే కొత్త వాసన పోతుంది.

నీళ్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు. కుళాయిలో మునిసిపల్ నీళ్లూ బోరు నీళ్లూ కలిసి వస్తాయి. గీజర్ రాడ్‌కీ, నీళ్లు కాచే గిన్నె అడుక్కీ పట్టే తెల్ల పొర అందరికీ తెలిసిందే. అదే ఈ చిన్న బాయిలర్‌లో పడితే సన్నటి దారులు మూసుకుపోతాయి. అలాగని వట్టి ఆర్వో నీళ్లు పోస్తే కాఫీ చప్పగా వస్తుంది, ఎందుకంటే గింజలోంచి రుచిని లాగడానికి నీళ్లలో కొద్దిగా ఖనిజాలు ఉండాలి. నేను ఆర్వో నీళ్లలో ఫిల్టర్ చేసిన కుళాయి నీళ్లు కొంచెం కలుపుతాను. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే వందకూ నూటయాభైకీ మధ్య చూపించేలా చూసుకుంటాను. మీటర్ చూపించేదంతా సున్నం కాదు కానీ, ఇంట్లో వాడుకోవడానికి ఆ మాత్రం లెక్క చాలు. ఈ పద్ధతి పట్టుకున్నాక రుచిలో వచ్చిన తేడా మా అత్తయ్య కూడా కనిపెట్టారు. ఆవిడకి ఈ కాఫీ పెద్దగా ఇష్టం లేదు, ఇప్పటికీ ఇత్తడి ఫిల్టర్‌లో డికాషనే.

ఇక పొడి. మనందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడి వేసి చూద్దామని. మెషిన్ డబ్బాలో, పొడి వేసే జల్లెడ గిన్నెలు, అంటే బాస్కెట్లు, రెండు రకాలు వస్తాయి. ఒకదానికి అడుగున రెండు పొరలుండి, బయటికి ఒక్క సన్నటి బొక్కే ఉంటుంది. పొడి బరకగా ఉన్నా అది పీడనం తానే పుట్టిస్తుంది, నురగ కూడా వస్తుంది, కానీ ఆ నురగలో పస ఉండదు. రెండోది మామూలు బాస్కెట్, అడుగంతా చిన్న చిన్న బొక్కలు. దీంట్లో పీడనానికి అడ్డు నిలవాల్సింది పొడే. ఫిల్టర్ పొడి వేస్తే కొన్ని సెకన్లలోనే బుడబుడా కారిపోతుంది. చికోరీ కలిసిన పొడి అసలు వద్దు, అది తడిస్తే జిగురుగా మారి జల్లెడను పట్టేస్తుంది. మిక్సీలో పట్టినా కుదరదు. సగం దుమ్ము, సగం పలుకులు వస్తాయి. నీళ్లు పలుకుల మధ్య సందు వెతుక్కుని పారిపోతాయి, కప్పులో పులుపూ చేదూ రెండూ ఒకేసారి తగులుతాయి.

అందుకే చేత్తో తిప్పే మంచి గ్రైండర్ కొన్నాం. ఒక్కో క్లిక్‌కు గింజను నలిపే పళ్ల చక్రాల మధ్య దూరం 16 మైక్రాన్లు మారుతుంది. అంత చిన్న తేడా కూడా కప్పులో తెలుస్తుందంటే మొదట్లో నేనూ నమ్మలేదు, ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. నేను 16 గ్రాముల గింజలు తూచి పొడి పడతాను. సన్నటి సూదులున్న పుల్లతో బాస్కెట్‌లో పొడిని కలిపి, ఉండలు విడగొట్టి, చదును చేసి, ట్యాంపర్‌తో నిటారుగా ఒకసారి నొక్కుతాను. ఇంకా గట్టిగా నొక్కాలా అని చాలామంది అడుగుతారు. బలం కంటే సమంగా నొక్కడం ముఖ్యం. కప్పును కాటా మీద పెట్టి స్విచ్ వేస్తే మొదట ఏమీ రాదు. ఆరేడు సెకన్లకు నల్లటి చుక్కలు, తర్వాత పాకంలా సాగుతూ సన్నటి ధార, పోనుపోను రంగు పలచబడుతుంది. 32 గ్రాములు రాగానే ఆపేస్తాను. మొత్తం 25 నుంచి 30 సెకన్లు పడితే దారిలో ఉన్నట్టే. పదిహేను సెకన్లకే వచ్చేసి పుల్లగా ఉంటే గ్రైండర్‌ను ఒకటి రెండు క్లిక్కులు సన్నానికి, నలభై దాటి చేదెక్కితే బరకకు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పొడి బరువూ, సన్నదనమూ, నీళ్లూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

గింజలు మేం ఎక్కువగా అరకువే తెప్పించుకుంటాం. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదే ఏడాది కూర్గ్, చిక్కమగళూరు కాఫీలకు కూడా. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి అల్లుకున్న మిరియాల తీగల పక్కన పండే పంట అది. మీడియం రోస్ట్ తీసుకుంటే పాలు లేకుండా తాగినప్పుడు చివర్లో బెల్లం తాలూకు తీపి నాలుక మీద నిలుస్తుంది. ఆ రుచి కోసమే నేను పొద్దున్నే లేస్తాను. మా ఆయనకు పాలు కావాలి కాబట్టి ఆయనకు కొంచెం రోబస్టా రకం గింజలు కలిసిన మిశ్రమం. పాలలో కూడా కాఫీ గొంతు వినబడాలంటే రోబస్టా ఉండాలి, క్రెమా కూడా దాంతో దండిగా వస్తుంది. ఏ గింజైనా ప్యాకెట్ మీద వేయించిన తేదీ లేకపోతే కొనను. వేయించిన రెండో రోజే వాడితే లోపలి గ్యాస్ వల్ల ధార చిందరవందరగా పడుతుంది. వారం ఆగితే కుదురుతుంది. నెల దాటితే అదే క్లిక్ మీద షాట్ (ఒకసారి తీసే కాఫీ) త్వరత్వరగా కారిపోతుంటుంది, ఇంకాస్త సన్నగా పట్టుకోవాలి.

ఈ మెషిన్‌తో అలవాటు పడటానికి టైమ్ పట్టేది వేడి దగ్గర. రెడీ లైటు కొద్ది నిమిషాల్లోనే వెలుగుతుంది, కానీ అది బాయిలర్ సంగతే చెబుతుంది. కింద ఉన్న బరువైన ఇత్తడి పోర్టాఫిల్టర్, అంటే బాస్కెట్‌ను పట్టి ఉంచే పిడి, ఇంకా చల్లగానే ఉంటుంది. బిగించి ఉంచి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. పైగా వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఒకే వేడి దగ్గర నిలవదు, పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే ఖాళీగా కొన్ని నీళ్లు వదిలి లైటు ఆరేదాకా చూసి, మళ్లీ వెలగగానే షాట్ మొదలుపెడతాను. రోజూ ఒకేచోట మొదలుపెడితే రుచి కూడా రోజూ ఒకేలా వస్తుంది. ఇంకో సంగతి: క్లాసిక్ ప్రోలో పీడనం ఫ్యాక్టరీ నుంచి 9 బార్ల (బార్ అంటే పీడనం కొలత) కంటే ఎక్కువకు పెట్టి వస్తుంది. లోపలి వాల్వు స్ప్రింగు మారిస్తే 9కి దిగుతుంది. దీని తర్వాత వచ్చిన ఈవో ప్రో మోడల్‌లో ఆ పని లేదు. స్ప్రింగు మార్చాక మా షాట్లలో చేదు బాగా తగ్గింది.

పాలు. ఒకే బాయిలర్ కాబట్టి ముందు కాఫీ తీసి, తర్వాత ఆవిరి స్విచ్ వేసి, వేడెక్కేదాకా ఆగాలి. ఇద్దరికైతే సరే, నలుగురు కూర్చుంటే ఓపిక కావాలి. 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి వాడితే నురగ నున్నగా వస్తుంది. కాచి చల్లార్చిన పాలైతే మీగడ పూర్తిగా తీసేయండి, తునకలు ఉంటే నురగ విరిగిపోతుంది. ఆవిరి గొట్టం కొస పాల మీద అంచుకు ఆనించి, చీర చింపినట్టు సన్నటి చప్పుడు కొద్ది సెకన్లే వినిపించాలి. తర్వాత కొస కాస్త లోపలికి దించి పాలను సుడి తిప్పాలి. గిన్నెను అరచేత్తో పట్టుకోలేనంత వేడెక్కగానే ఆపేయాలి, అంటే అరవై డిగ్రీల చుట్టుపక్కల. పొంగేదాకా కాచే అలవాటున్న మనకు ఇది గోరువెచ్చగా అనిపిస్తుంది. మా మామయ్యకు ఇంకొంచెం వేడి చేసే ఇస్తాను, ఆయన కప్పు ఆయన ఇష్టం. పని అయ్యాక ఆవిరి ఆపి, నీళ్లు ధారగా వచ్చేదాకా పంపు నడపడం మరవకండి. ఆవిరి తీసేటప్పుడు బాయిలర్‌లోకి కొత్త నీళ్లు రావు, అలాగే వదిలేస్తే నీళ్లు కాచే కాయిల్‌కు మంచిది కాదు.

శుభ్రం చేయడం తేలికే. షాట్ అయ్యాక మిగిలిన పీడనాన్ని త్రీ వే వాల్వు ట్రేలోకి వదిలేస్తుంది కాబట్టి పిప్పి బిళ్లలా పొడిగా రాలుతుంది. మా తులసి కోటకు, గులాబీ కుండీలకు కొద్దికొద్దిగా అదే ఎరువు. వారానికోసారి బొక్కలు లేని బాస్కెట్ పెట్టి, నీళ్లు వెనక్కి మళ్లి లోపలి దారులు కడిగేలా చేస్తాను. పోర్టాఫిల్టర్ బిగించే చోట ఉండే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి పక్కలనుంచి కారడం మొదలుపెడితే మార్చుకోవాలి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేయగలరు. 58 మిల్లీమీటర్ల సైజు కాఫీ షాపుల్లో వాడేదే కాబట్టి బాస్కెట్లూ ట్యాంపర్లూ వేరే కంపెనీలవి కూడా సరిపోతాయి.

రోజూ ఆరేడు పాల కాఫీలు కావాల్సిన ఇంటికి నేను దీన్ని చెప్పను. రెండు బాయిలర్లున్నదో, థర్మోబ్లాక్‌తో వెంటనే ఆవిరి ఇచ్చేదో చూసుకోండి. ఒకరిద్దరే తాగేవాళ్లయి, పొద్దున్నే అరగంట దీని దగ్గర నిలబడటం ఇష్టమైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. నేను ఇక మార్చాలనుకుంటున్నది ఆ థర్మోస్టాట్ ఒక్కటే. వేడిని ఒకేచోట నిలిపే పీఐడీ కంట్రోలర్ పెడితే లైటు చూసుకుంటూ నిలబడే పని తప్పుతుంది. ఎలక్ట్రికల్ పని తెలిసిన మా తమ్ముడు సంక్రాంతికి వస్తానన్నాడు, కిట్ తెప్పించి పెట్టాను.