ఎముక పిడి కత్తి, హైదరాబాద్ ఎండలు: చాన్నాళ్ళు వాడినంక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్న, బ్లేడ్ విషయంల నాకు పెద్ద కంప్లయింట్ లేదు, పిడి మాత్రం ఇంట్ల పెంచుకునే కుక్క లెక్క, టైముకి చూస్కోకపోతే అలుగుతది. ఎముక పిడి అందంగ ఉంటదని ఫోటో చూసి కొనేటోళ్ళు ఈ రివ్యూ పూర్తిగ చదివి డిసైడ్ అవ్వండి.

నాది ఏందంటే, క్యాంపులకి తీస్కపోయే కత్తి, 4 అంగుళాల బ్లేడ్, వెన్ను దగ్గర 4 మిల్లీమీటర్ల మందం, స్టీల్ 52100, మన దగ్గర వర్క్‌షాపులల్ల ఈఎన్31 అంటరు, బేరింగులు చేసేది. ఫుల్ టాంగ్, అంటే బ్లేడ్ ఉక్కే పిడి చివరిదాకా ఒకటే ముక్కగ వస్తది, దానికి రెండు దిక్కుల ఒంటె ఎముక పలకలు ఎపాక్సీతో అంటించి రెండు ఇత్తడి పిన్నులు కొట్టిండు. తోలు ఒరతో కలిపి ఆరేడు వేలల్ల పడ్డది. చేసినాయన ఒక్కడే షెడ్డుల కూసోని చేస్తడు, డెలివరీకి చెప్పిన టైముకన్నా మస్తు లేటయింది గాని చేతి పని అంటే అది మామూలే.

ఇగ పిడి. బయటి దేశాలోళ్ళ వీడియోలు చూస్తే ఎముక చలికాలంల చేతికి సల్లగ తగుల్తది, గ్లౌజులు కావాలె అని చెప్తుంటరు, మనకి ఆ గొడవే లేదు, డిసెంబర్‌ల అనంతగిరి గుట్టల మీద పొద్దుగాల కూడ ఏమనిపియ్యదు. మన ప్రాబ్లమ్ ఏప్రిల్, మే. ఎముకల బరువు లెక్కన సుమారు మూడింట రెండొంతులు ఖనిజం, మిగిలింది ఎక్కువగ కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్, నీళ్ళు. ఈ కొలాజెన్ గాలిల తేమని పీల్చుకోని ఉబ్బుతది, పొడిగాలికి వదిలేసి ముడుసుకుంటది. జులైల వానకి ఉబ్బింది మేల ఎండిపోతది, లోపలున్న ఉక్కు, పిన్నులు మాత్రం తేమకి కదలవు. మరి ముడుసుకునే ఎముక ఎటు పోవాలె? పిన్ను రంధ్రం దగ్గరే పగులు మొదలైతది. నాకు రెండో ఎండాకాలంల వెనక పిన్ను పక్కన వెంట్రుకంత గీత వచ్చింది. పల్చటి సూపర్ గ్లూ ఒక చుక్క వేస్తే దానంతట అదే గీతలోకి గుంజుకుంటది, ఆరినంక 400 నంబర్ గరుకు కాగితం, తర్వాత 800 తడి కాగితంతో రుద్దిన, ఇప్పుడు వెతికితే తప్ప కనిపియ్యదు. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఎముక పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, వాసన కూడ డెంటిస్ట్ రూంల లెక్కనే వస్తది.

ఒక టెస్ట్ చెప్త. పిడి మీద వేలు పెట్టి ఎముక, ఉక్కు కలిసే గీత మీద అడ్డంగ జరపండి. వానకాలంల రెండూ సమానంగ తగుల్తయి, ఎండాకాలంల ఉక్కు అంచు కొంచెం పైకి గీరుకుంటది. అట్ల గీరుకోవడం మొదలైందంటే నూనె టైం అయినట్టే.

నూనె అంటే ఇంట్ల ఉన్న పల్లి నూనె, మంచి నూనె రాయకండి ప్లీజ్, కొన్ని రోజులకి జిడ్డు పట్టి ముక్కిపోయిన వాసన కొడతది. మెడికల్ షాపుల లిక్విడ్ పారాఫిన్ అని అడగండి, మలబద్ధకానికి ఇచ్చేదే, రంగు లేదు వాసన లేదు పాడవ్వదు, బ్లేడ్‌కి కూడ అదే రాయొచ్చు, కూరగాయ కోసినా ఏం కాదు. పల్చగ రాసి రాత్రంత వదిలేసి పొద్దుగాల బట్టతో తుడిచేస్తే సరిపోతది. ఎండాకాలంల ఎక్కువ సార్లు, వానకాలంల పిడికి దాదాపు అక్కర్లే, అప్పుడు బ్లేడ్‌కే కావాలె. ఇంకోటి, మే నెలల మధ్యాహ్నం ఎండల నిలబెట్టిన కార్ల ఈ కత్తి వదలొద్దు, మామూలు ఎపాక్సీ ఆ వేడికి మెత్తబడుతది, ఎముక కూడ ఎండిపోతది, రెండు పనులు ఒకేసారి అయితయి. వేడి నీళ్ళల్ల నానబెట్టి కడగడం కూడ వద్దు.

పసుపు సంగతి ఎవ్వడూ చెప్పడు, ఎందుకంటే ఈ కత్తుల రివ్యూలు చేసేటోళ్ళు చికెన్‌కి పసుపు కారం పట్టించరు. సాగర్ బ్యాక్‌వాటర్ పక్కన క్యాంప్‌ల చికెన్ కలిపిన చేత్తోనే కత్తి పట్టుకుంటే తెల్లారేసరికి పిడి పసుపు ముద్ద. నాది పైన గాట్లు పెట్టిన ఎముక, ఆ గాట్లల్ల అయితే ఇంకా గట్టిగ పడుతది. సబ్బుతో పోదు. పసుపు రంగు ఎండకి వెలిసిపోతది, ఎండల పెడితే ఎముక పగులుతదేమో అని భయం, అందుకే కిటికీ పక్కన లేత ఎండల కొంచెం సేపు, వెంటనే నూనె, ఇట్ల చేసుకుంట పోతే చాలా వరకు వెళ్ళిపోయింది. గాట్ల వల్ల ఒక లాభం మాత్రం ఉన్నది, చేతికి చెమట పట్టినా, చేప కడిగినా పట్టు జారదు, నున్నటి ఎముక అయితే ఈ పని కష్టం.

బ్లేడ్ గురించి. 52100ల క్రోమియం సుమారు 1.5 శాతమే, స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 ఉండాలె, కాబట్టి తుప్పు పడుతది, తడితో వదిలేస్తే ఒక్క రాత్రి చాలు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, మామిడికాయ కోసుకుంట పోతే బూడిద రంగు పొర ఏర్పడుతది, అది మంచిదే, తీసెయ్యకండి, ఎర్ర తుప్పు వస్తేనే తియ్యాలె. మొదట్ల ఉల్లిగడ్డ నల్లబడి ఇనుము రుచి వస్తది, పొర గట్టిపడినంక తగ్గుతది. పదును మస్తు ఆగుతది, 1000 గ్రిట్ రాయి మీద నాలుగు రుద్దులు, పాత తోలు బెల్ట్ మీద నాలుగు గుంజుడు, అంతే. సైకిల్ మీద చక్రం పెట్టుకోని వచ్చే సాన పట్టేటాయనకి ఇయ్యకండి, బక్రీద్ ముందు పాతబస్తీల వాళ్ళ దగ్గర క్యూ కడతరు, ఇంటి కత్తులకి ఓకే, కాని ఈ ఉక్కుని టెంపర్ చేసేదే, అంటే గట్టిపరిచినంక పెళుసుదనం తగ్గనీకి మళ్ళ వేడి చేసేదే, సుమారు 200 డిగ్రీల దగ్గర, పొడి చక్రం మీద పల్చటి అంచు అంతకన్నా ఎక్కువ వేడెక్కి నీలం రంగు వచ్చిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

నచ్చనిది మందం. 4 మిల్లీమీటర్లు దేనికి చెప్పండి? కర్రతో వెన్ను మీద కొట్టి తడి మొద్దులు చీల్చేటోళ్ళకి అది అవసరం, మన దగ్గర చలికాలంల ఎండు పుల్లలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతయి, క్యాంప్‌ల కత్తికి తొంబై శాతం పని వంటనే. క్యారెట్ కోస్తే కొయ్యదు, ఠక్కుమని చీలుస్తది. టమాటకి బానే ఉన్నది.

ఒర మంచిగనే కుట్టిండు, కాని ఇంట్ల కత్తిని దాంట్ల పెట్టి దాయొద్దు, తోలు తేమ పట్టుకుంటది, వానకాలంల అయితే చెప్పనక్కర్లే. నాది నూనె బట్ట చుట్టి డబ్బాల ఉంటది, బయటికి పోయేటప్పుడే ఒర.

చట్టం సంగతి చాలామంది అడుగుతరు. ఆయుధాల రూల్స్ 2016 ప్రకారం బ్లేడ్ 9 అంగుళాల కన్నా పొడుగున్నా, 2 అంగుళాల కన్నా వెడల్పున్నా లైసెన్స్ లెక్కలోకి వస్తది, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి తప్ప. నాది అంతకన్నా చిన్నదే, అయినా మెట్రోకి తీస్కపోను, బ్యాగుల లోపల పెట్టుకోని బండి మీదనే. అమ్రాబాద్ లాంటి టైగర్ రిజర్వులకి అస్సలే వద్దు, వన్యప్రాణి చట్టం కత్తిని కూడ ఆయుధమనే అంటది, పర్మిషన్ లేకుండ అభయారణ్యంలకి తెస్తే కేసు. ఎవడన్నా జింక కొమ్ము పిడి అని చూపిస్తే దండం పెట్టి వచ్చెయ్యండి, ఆ అమ్మకం మన దగ్గర నేరం. బర్రె ఎముకకి, ఒంటె ఎముకకి ఆ తలనొప్పి లేదు.

డమాస్కస్ గీతలున్న బ్లేడ్‌కి ఎక్కువ పైసలు పెట్టాలా అంటే, చూడనీకి పెట్టుకోండి. పాతకాలం డమాస్కస్ కత్తులకి వాడిన, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి పర్షియాకి పోయిన లాంటి ఉక్కు వేరు, మూసల్ల కరిగించి చేసేటోళ్ళు. ఇప్పుడు అమ్మేవి ఎక్కువగ రెండు రకాల ఉక్కు పొరలు కలిపి సుత్తెతో కొట్టినవి, కోతల పెద్ద తేడా రాదు.

ఒకటే కత్తి కొంటా, కడిగి పడేస్తా, మళ్ళ ట్రిప్పుకే తీస్తా అనేటోళ్ళు మికార్టా, అంటే బట్ట పొరలు రెసిన్‌తో అతికి గట్టిపరిచిన పలక, దాని పిడి తీస్కోండి. నేనైతే రెండోది కూడ ఎముకతోనే చెప్పిన, 3 మిల్లీమీటర్ల మందం, పిన్ను రంధ్రాలు కొంచెం వదులు, ఎముకకి ఉక్కుకి మధ్యల పల్చటి ఫైబర్ లైనర్ అంటే పొర, ఎముక అంచులు ఉక్కు కన్నా ఇంకొంచెం పైకి వదలమన్న. ఆయన సరే అన్నడు, ఎప్పుడిస్తడో మాత్రం అడగొద్దన్నడు.