నీరుగంటా, నీటి సంఘమా, బోర్ల లెక్కా: చెరువుకు ఏది మేలు?

పోయిన నెల ఊరికెళ్తే మళ్లీ అదే ప్రశ్న: "చెరువు తూము ఎవరి చేతిలో పెడదాం?" ప్రకృతి చెప్పినట్టు నడుచుకోవాలని అందరం అంటాం. మనిషి నడుచుకోవచ్చు గానీ సంఘం నడుచుకోవడమే కష్టం. చెరువు నిండిన ఏడు ఏ పద్ధతైనా సాఫీగానే సాగుతుంది. వాన మొహం చాటేసిన ఏడు ఆ పద్ధతి సాగును కుదించగలదా? నేను చూసేది అదొక్కటే.

ఆ పరీక్షలో పాత రాయలసీమ పద్ధతే గట్టిగా నిలబడుతుంది. తూము రాయి ఎంతవరకు మునిగిందో చూసి, ఎన్ని ఎకరాలు పండుతాయో నీరుగంటి, అంటే చెరువు నీళ్లు వదిలి పంచే మనిషి, చెప్పేవాడు. నీళ్లు చాలకపోతే దామాషా. వంద ఎకరాల ఆయకట్టుకు ముప్పై ఎకరాల నీళ్లే ఉన్నాయనుకోండి, తూముకు దగ్గరగా ఉన్న ముప్పై ఎకరాలే తడుపుతారు. ఆ నేలను మాత్రం ఆయకట్టుదారులందరూ వాటాల చొప్పున ఆ ఒక్క పంటకు పంచుకుంటారు. మడి నీదైనా ఆ ఏడు పక్కవాడికి చోటివ్వాల్సిందే. కాలవ చివర పొలమున్నవాడు గట్టు తెంచాల్సిన అవసరం రాదు.

అయితే నీరుగంటి పనిని చాలా ఊళ్లలో దళిత కుటుంబాలకే అంటగట్టారు. కళ్లంలో అందరి తర్వాత మేర కోసం, అంటే కూలిగా ఇచ్చే గింజల కోసం, నిలబడ్డవాళ్ల పిల్లలు పార కింద పెట్టేశారంటే నేను తప్పు పట్టను.

1997 నాటి సాగునీటి చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు పది వేలకు పైనే. ఎన్నిక ఉంది, పుట్టుకతో పని లేదు, అది మంచిదే. సీజనుకో వారబందీ, అంటే ఎవరికెప్పుడు నీళ్లో చెప్పే వంతుల పట్టిక, వేయాలని చట్టంలోనే ఉంది. మా దగ్గర మాత్రం కూర్చున్నప్పుడల్లా మాట పూడికతీత బిల్లుల మీదికే మళ్లేది.

మూడోది బోర్ల లెక్క. 2000 తర్వాతి దశాబ్దంలో సీమ నాలుగు జిల్లాలతో పాటు ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండల్లో రైతులే చేసి చూపించారు. ఊరి పొలిమేరను పక్కనబెట్టి వాగు పరీవాహకాన్నే హద్దుగా పెట్టుకున్నారు. పదిహేను రోజులకోసారి బోర్లలో టేపు దించి నీటిమట్టం కొలవడం, ఆ అంకెలు గోడ మీద రాయడం, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని తేల్చుకోవడం. వరి వేయొద్దని ఎవరూ అనరు. లెక్క ముందు పెట్టి ఊరుకుంటారు. నాకు నచ్చనిదీ అదే, కరువు ఏడు ఊరుకుంటే చాలదు. కాకపోతే ఆ గోడ మీది అంకె ముందు ఎవరూ బుకాయించలేరు, దాన్ని మాత్రం వదులుకోను.

పంచాయతీకి అప్పగిద్దామన్నారు ఒకరిద్దరు. వీధిలైట్లే వెలగడం లేదు. ఎవరి బోరు వాళ్లదనే దారి ఎటు పోతుందో అనంతపురంలో ఎండిన చీనీ తోటలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొత్తానికి దామాషాకే మొగ్గాం. నీరుగంటికి నెల జీతం, ఏ కులంవాళ్లయినా సరే. తూము రాయి మీద ఎర్ర రంగుతో మూడు గీతలు గీశాం. నీళ్లు అన్నిటికంటే కింది గీత దాటకపోతే వరి మాటెత్తకూడదు, ఉలవలో అలసందలో చల్లుకోవాలి. కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు, తూము పక్కనే మడి ఉన్న మా చిన్నమామ తప్ప.