మెకానిక్ గట్టివాడే, నా మాటే ఆయనదాకా వెళ్లలేదు

విజయవాడలో ఒక కంపెనీ బైక్ సర్వీస్ సెంటర్ గురించి. పేరు రాయను, ఇప్పుడు కాస్త దారిన పడ్డారు కాబట్టి.

నాది 125 సీసీ బండి, 2021లో కొన్నా. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లకి లోపం పట్టే కంప్యూటర్ స్కానర్ కావాలి కదా, అందుకే ఆటోనగర్‌లో పాత మేస్త్రీని వదిలి ఇక్కడ పడ్డా. తీరా నాకొచ్చిన రోగం స్కానర్‌కి దొరికేది కాదు. మూడో గేర్‌లో నలభై దాటితే వెనక నుంచి కటకట. మా ఆవిడ ఎక్కితే ఇంకా ఎక్కువ. మన కంప్లయింట్ రాసుకునే అడ్వైజర్‌కి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పా, శ్రద్ధగా తలూపాడు. సాయంత్రానికి బండి పెళ్లికొడుకులా తయారైంది. బిల్లు 1,840, అందులో నేను అడగని కోటింగ్ ఒకటి. బెంజ్ సర్కిల్ దాటకముందే కటకట మొదలు.

రెండోసారీ ఇదే తంతు. ఒళ్లు మండి మెకానిక్‌తో మాట్లాడతానంటే, కస్టమర్లు లోపలికి రాకూడదన్న బోర్డు చూపించారు. చివరికి బయట టీకొట్టు దగ్గర దొరికాడాయన.

"అడ్వైజర్ రాసిచ్చిన కార్డులో 'సౌండ్ చెక్' అని రెండు ముక్కలే ఉన్నాయి సార్. స్టాండ్ మీద రేజ్ చేశా, రాలేదు. రోజుకి పది బళ్లు తియ్యాలి" అన్నాడు.

గ్లాసు పక్కన పెట్టి, చెయిన్ కవర్ రబ్బరు మూత పీకాడు. చక్రం కొంచెం తిప్పడం, ఆపి వేలితో చెయిన్ నొక్కడం. ఒకచోట వదులుగా ఊగుతోంది, ఇంకోచోట బిర్రుగా ఉంది. "ఒకేలా సాగలేదు సార్. బిగించినా దండగే, స్ప్రాకెట్లతో (చెయిన్ పళ్ల చక్రాలతో) సహా సెట్టు మార్చాలి." రెండు నిమిషాల పని!

ఆయనే చెప్పాడు, కోటింగులు అమ్మితే అడ్వైజర్‌కి ఇన్సెంటివ్, మెకానిక్‌కేమో బళ్ల లెక్క. బాగవకుండా తిరిగొచ్చిన బండి మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

దసరా తర్వాత మేనేజర్ మారాడు. ఇప్పుడు కార్డు రాయకముందే మెకానిక్ మనల్ని వెనక కూర్చోబెట్టుకుని ఒక రౌండు వేస్తాడు. కార్డు మీద ఆయన పేరుంటుంది, వారంలోపు అదే కంప్లయింట్‌తో వెళ్తే ముందు ఆయన దగ్గరికే పంపుతారు. రోజుకి పది కాదు, ఏడే తీస్తున్నారట. మొన్న బ్రేకు కీచుమంటోందని వెళ్తే ఒక్కసారికే పోయింది.

నాలుగు స్టార్లు. అయిదోది వాషింగ్ కుర్రాడు సీటు కింద నురగ తుడిచిన రోజు ఇస్తా.